గుట్ట లేని ఫోటో

మొన్న మృగశిర వాన పడిన సాయంత్రం నా స్టూడియోలో ఒక కొత్త జంట ఆల్బమ్ కోసం ఫోటోలు ఏరుకుంటూ కూర్చుంది. ఉన్నట్టుండి ఆ అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అబ్బాయి మొదట తన బూట్ల కింద చూసుకున్నాడు, తరువాత నావైపు అనుమానంగా చూశాడు. "ఏం లేదు బాబు, ఎనక అర్రల గొంగడి ఉన్నది. వానకు జెర వాసనొస్తది" అన్నాను. వాళ్లు తలూపారు గానీ, ఏరుకోవాల్సిన ఫోటోలు తొందరగానే ఏరుకున్నారు. ఏటా తొలి వానకు ఇదే తంతు. ఏసీ పెట్టించినా, అగరుబత్తులు వెలిగించినా, ఇనప్పెట్టెలో ఉన్న ఆ నల్ల గొంగడి తేమ తగలగానే మేలుకుంటుంది. గొర్రెల మంద ఒకటి లోపలికి వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. మా ఆవిడ దాన్ని దులిపి ఎండకు వేద్దామంటుంది గానీ ఉతుకుదామని ఏనాడూ అనలేదు. ఆ జంట వెళ్లాక షట్టరు సగం దించి, పెట్టె తెరిచి, గొంగడి మడతలో ముఖం పెట్టి కాసేపు కూర్చున్నాను. అరవైకి దగ్గరపడిన మనిషి చేయదగ్గ పని కాదు. ఎవరూ చూడటం లేదనే అనుకున్నాను, మీకు మాత్రం చెబుతున్నాను.

కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద నాది పాత స్టూడియో. ఇటు అచ్చంపేట దాకా, అటు కొత్తకోట దాకా ఎన్ని పెళ్లిళ్లు తీశానో నాకే గుర్తు లేదు. పెళ్లిలో అందరూ కెమెరా వైపే చూస్తారు. ఏడుస్తున్న పెళ్లికూతురు కూడా ఒక్క క్షణం ఏడుపు ఆపి, ఫోటో తీయనిచ్చి, మళ్లీ మొదలుపెడుతుంది. అలా నావైపు చూసే ముఖాలను తీసీ తీసీ, నన్ను పట్టించుకోని ప్రాణిని ఒక్కదాన్నైనా తీయాలనే పిచ్చి పట్టుకుంది నాకు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక పొడుగు లెన్స్ కొని అమ్రాబాద్ అడవికి నాలుగుసార్లు పోయాను. జీపులో ముందు కూర్చున్నవాళ్లకు పులి కనబడింది. వెనక కూర్చున్న నాకు వాళ్ల తలకాయలు కనబడ్డాయి. నాలుగోసారి బురదలో పులి అడుగును ఫోటో తీసుకొచ్చి పెద్ద ప్రింటు వేశాను. మా ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "మంచిగున్నది బావా, కుడుములు పెట్టినట్టున్నది" అంది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచి నన్ను ఎరుగును కాబట్టి, పెళ్లయినంత మాత్రాన నన్ను పొగడాల్సిన అవసరం ఏమీ ఆమెకు కనబడదు.

ఆ మేనమామ గురించే ఇదంతా. మా అమ్మకు అన్న, నాకు పిల్లనిచ్చిన మామ. మా ఇంట్లో గొర్ల కాపరితనం మా నాయినతోనే ఆగిపోయింది. మామ మాత్రం నూరుకు పైగా నల్ల గొర్రెలను పెట్టుకొని, కల్వకుర్తికి గంట దూరంలో ఉన్న తన ఊళ్లోనే ఉన్నాడు. ఆ ఊరి పేరు చెప్పను. ఎందుకో తరువాత మీకే తెలుస్తుంది. ఊరికి పడమట ఒక గుట్ట ఉండేది. దాని నెత్తిన మూడు పెద్ద రాతి గుండ్లు, ఎవరో తీరిగ్గా కూర్చొని పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటి నిలబడి ఉండేవి. చుట్టూ ఎర్ర చెలక, తంగేడు పొదలు, కోత అయిపోయిన కంది మోళ్లు. అడవికి పోయి పులిని వెతికే బదులు మామ మంద దగ్గరికి పోతే నక్కో జింకో దొరుకుతుందని, పులి అడుగును కుడుముతో పోల్చిన మా ఆవిడే సలహా చెప్పింది. ఆకుల బొమ్మలున్న పచ్చ చొక్కా, పచ్చ ప్యాంటు, పచ్చ టోపీ వేసుకొని మోటారు సైకిల్ దిగాను. మామ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏం అల్లుడా, ఈ ఆకుల అంగి ఏంది? గీ చెలకల ఆకులు యాడున్నయి?" అన్నాడు. ఫిబ్రవరి నెల, నిజంగానే కనుచూపు మేరలో పచ్చగా ఉన్నది నేనొక్కడినే.

ఆ చొక్కా మీదనే తన గొంగడి కప్పాడు మామ. సొంత గొర్రెల ఉన్నితో నేయించుకున్నది, చింతగింజల గంజి పట్టి అట్టలా గట్టిగా ఉండేది. మోస్తే భుజం నొప్పి పుట్టేది. "మనిషొక్కడు నడుస్తే పిట్ట గూడ లేసిపోతది. మంద నడుస్తే ఎవ్వలకు ఫికరుండది. నువ్వు మందల కలువు" అన్నాడు. కలవడం అంటే ఏమిటో ఆ తరువాత నేర్పాడు. గొంగడి నెత్తిమీదుగా కప్పుకొని, కెమెరా కడుపు కింద పెట్టుకొని, మోకాళ్ల మీద గొర్రెల మధ్య పాకాలి. నేను లక్ష్యం వైపు తిన్నగా పాకుతుంటే వెనకనుంచి కర్రతో తట్టేవాడు. "గొర్రె ఎన్నడన్న సీదా పోయిందా? రెండడుగులెయ్యి. ఆగు. తల వంచు. పక్కకు దిరుగు. జెరసేపు యాది మరువు." నడక మధ్యలో యాది మరవడం అన్నిటికంటే కష్టమైంది. ఏదో ఆలోచన రానే వచ్చేది. మామ దాన్ని కూడా వెనకనుంచే కనిపెట్టేవాడు.

ఆ మూడు నాలుగేళ్లు నా ఒంటికి జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. మోకాళ్లలో పల్లేరుకాయలు దిగేవి, ఇంటికొచ్చాక మా ఆవిడ పిన్నీసుతో తీసేది. ఒక ముసలి పొట్టేలు నన్ను మందలోకి కొత్తగా వచ్చిన పోటీదారుగా భావించి, జింకల గుంపు ఫోకస్‌లోకి వచ్చిన క్షణంలోనే వెనకనుంచి ఒక్క గుద్దు గుద్దింది. ఆ ఫోటోలో ఆకాశం బాగా వచ్చింది. ఉప్పగా ఉంటుందేమో, గొర్రెపిల్లలకు లెన్స్ నాకడం అలవాటైంది. మార్చి దాటితే పొద్దెక్కగానే నేల మీద గాలి ఉడికి, దూరంగా ఉన్న నక్క నీళ్లలో ఉన్నట్టు అల్లాడేది. దాంతో పొద్దు పొడిచిన మొదటి అరగంటే మాకు పని. ఆ అరగంటలో గొర్రెల కాళ్ల దుమ్ము లేచి దాంట్లో ఎండ పడితే, అటువైపు నిలబడ్డ ఏ ప్రాణికైనా ఒంటి చుట్టూ బంగారు అంచు వచ్చేది. ఆ దుమ్ములోనుంచి తీసిన కుందేలు ఫోటో ఇప్పటికీ నా గోడ మీద ఉంది. మామకు ఫోటోల మీద పెద్దగా ఆసక్తి లేదు. కుందేలు ఫోటో చూపిస్తే దాన్ని వదిలేసి వెనక మసకగా ఉన్న గొర్రెను చూసి, "గిది కుంటుతాంది, సూడలె నేను" అని లేచి మందలోకి పోయాడు.

ఒక చలికాలం ఆఖరున మామ ఫోన్ చేసి రమ్మన్నాడు. మామూలుగా ఎప్పుడూ పిలవడు, నేనే పోయేవాణ్ని. గుట్ట దగ్గరకు తీసుకుపోయి, మూడు గుండ్ల కింద ఉన్న పరుపుబండ వైపు గడ్డంతో చూపించాడు. ఆ బండ పక్కన రాళ్ల సందులో తోడేలు కూనలు పెట్టింది. ఇదంతా చెప్పేముందు నన్ను కూర్చోబెట్టి ఒక మాట తీసుకున్నాడు. "తోడేలును తీస్తే గుట్ట పడొద్దు అల్లుడా. గుట్టను తీస్తే తోడేలు పడొద్దు. రెండింటిని ఒక్క తాన పెట్టకు. మనోళ్లకు సదువు రాదు గని గుండ్లను గుర్తువడ్తరు." చుట్టుపక్కల మందల్లో గొర్రెపిల్లలు పోతున్నాయి. ఆ సందు ఫలానా చోట ఉందని తెలిస్తే, ఎండుగడ్డి తోసి పొగ పెట్టడానికి అరగంట పట్టదు. "నీ మందల పోలేదా మామా?" అని అడిగాను. "రెండు పోయినయి. పోనీ. దానికీ సంసారమున్నది" అన్నాడు. నేను మాట ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చాను.

వారం రోజులు పొడుగు లెన్స్‌తో తల్లి తోడేలు ముఖం తీశాను, చెవులు తీశాను, వెనక ఏమీ లేని మట్టిరంగు తీశాను. ఎనిమిదో రోజు పొద్దున కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. గొర్రెలన్నీ తలలు లోపలికి పెట్టి ముద్దగా నిలబడ్డాయి. మామ, నేను ఒక్క గొంగడినే ఇద్దరి తలలమీదుగా కొప్పెరలా కప్పుకొని వాటి మధ్య కూర్చున్నాము. నీళ్లు ఉన్ని మీదనుంచి జారిపోతున్నాయి, లోపల వెచ్చగా ఉంది. మా ఊపిరికి లెన్స్ మసకబారుతుంటే మామ తన ధోతి కొసతో తుడుస్తున్నాడు. వాన వెలిసింది. మబ్బు కిందనుంచి ఎండ అడ్డంగా వచ్చి గుట్టను తాకింది. మూడు గుండ్లూ తడిసి, నల్లగా నిగనిగలాడాయి. వెనక ఆకాశం ఇంకా నీలం కలిసిన బూడిదరంగులోనే ఉంది. పరుపుబండ మీదికి తల్లి వచ్చి ఒళ్లు దులుపుకుంది. దాని ఒంటినుంచి లేచిన చినుకులు ఒక్కొక్కటీ వెలిగాయి. కాళ్ల కిందనుంచి నాలుగు కూనలు బయటికొచ్చాయి. నా ఎడమ చెయ్యి లెన్స్ జూమ్‌ను వెనక్కి తిప్పింది. గుండ్లు, గుట్ట, ఆకాశం, బండ, తోడేలు, కూనలు, అన్నీ ఒక్క చట్రంలోకి వచ్చి కూర్చున్నాయి. "తోడేలే గదా?" అని పక్కనుంచి మామ మెల్లగా అడిగాడు. "తోడేలే మామా" అన్నాను.

ఇంటికొచ్చి చిన్న ప్రింటు తీశాను. నేను తీసిందేనా అనిపించేంత బాగా వచ్చింది. మా ఆవిడ చేతికి అంటిన పిండితోనే వచ్చి ఒక్క చూపు చూసింది. "నాయిన గుట్ట గదా ఇది" అంది. నేను నాలిక్కరుచుకొని, కంప్యూటర్ ముందు కూర్చొని, పైభాగమంతా కత్తిరించాను. గుండ్లు పోయాయి, ఆకాశం పోయింది. బండ, తోడేలు, కూనలు మిగిలాయి. సగం ప్రాణం పోయినా మిగిలిన సగం కూడా ఎవరినైనా ఆపి నిలబెట్టేదే. మళ్లీ పిలిచి, ఇప్పుడు చూడు అన్నాను. "ఇప్పుడు గూడ నాయిన గుట్టనే" అంది. బండకు ఒక తెల్లచార ఉంది, అక్కడ కూర్చొని తను చిన్నప్పుడు సద్ది తినేదట. "నువ్వు ఆడ పెరిగినవు కాబట్టి నీకెరుక. వేరేటోళ్లకు ఏమెరుక?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది. ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసే ప్రతి మనిషీ ఆ బండ మీద సద్ది తిన్నవాడే కదా. మామ గుండ్లు అన్నాడు కాబట్టి గుండ్లు తీసేశాను. కల్వకుర్తిలో ముప్ఫై ఏళ్లుండి నేను రాళ్లను చూడటం మరిచిపోయాను, వాళ్లు మరవలేదు.

ఆ ఫోటోను పెద్దగా వేయించి స్టూడియో ముందున్న అద్దాల పెట్టెలో, రంగురంగుల పెళ్లికూతుళ్ల మధ్య పెట్టాను. వారపు అంగడి రోజు ఇద్దరు గొర్ల కాపర్లు దాని ముందు ఆగారు. చాలాసేపు చూశారు. వెలుతురును చూస్తున్నారనుకొని లోపల పొంగిపోయాను. పిలిచి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. "మస్తు తీసినవ్ అన్నా. ఎప్పటిది?" అన్నాడు ఒకడు. "పోయిన వారమే" అన్నాను. "కూనలు ఎన్నున్నయి?" అన్నాడు రెండోవాడు. ఫోటోలో ఒకటి తల్లి కాళ్ల చాటున సరిగా కనబడదు. "నాలుగు" అని వేళ్లు కూడా చూపించాను. వాళ్లు చాయ్ తాగి, గ్లాసులు పక్కకు జాగ్రత్తగా పెట్టి, మంచిదని చెప్పి వెళ్లారు.

అయిదో రోజు మామ బస్సు దిగి వచ్చాడు. లోపలికి రాలేదు. అద్దం ముందు నిలబడి ఉంటే నేనే బయటికి పోయాను. "నాలుగున్నయని జెప్పినవంట" అన్నాడు. "వాళ్లకు మూడు దొరికినయి" అన్నాడు. తల్లి ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. భుజం మీది గొంగడి తీసి, తోరణం కట్టే మేకులకు తగిలించి, అద్దంలోని ఫోటో కనబడకుండా కప్పాడు. అంచులు కూడా సరిచేశాడు. కూతురు లోపలినుంచి అన్నం తిని పొమ్మంటే, గొర్లు ఎదురు చూస్తుంటాయని చెప్పి బస్టాండు వైపు నడిచాడు. భుజం మీద గొంగడి లేని మామను నేను అదే మొదటిసారి చూడటం.

ఆ పూటే ఆ ఫోటోను కంప్యూటర్‌లోనుంచి, కార్డులోనుంచి, ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా తుడిచేశాను. గుండ్లున్న చిన్న ప్రింటును పొయ్యిలో వేశాను. పాపం అంతటితో పోతుందనుకున్నానో ఏమో. అద్దంలోని పెద్ద ప్రింటును మాత్రం చింపడానికి చేతులు రాలేదు. చుట్టచుట్టి పెట్టెలో పెట్టాను. నెల తరువాత గొంగడి ఇద్దామని పోతే, "ఉండనియ్యి అల్లుడా, నాకొకటున్నది" అన్నాడు. లేదని తరువాత మా ఆవిడ చెప్పింది. మామ మాతో మాట్లాడటం మానలేదు. వచ్చేవాడు, తినేవాడు, నా పొట్ట మీద వేళాకోళం ఆడేవాడు. మందకు రమ్మని మాత్రం అనలేదు. వస్తానని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ప్రతి ఫిబ్రవరిలో బ్యాటరీలు చార్జింగ్ పెట్టేవాణ్ని, లెన్స్ తుడిచేవాణ్ని, ఫోన్ వస్తుందేమోనని చూసేవాణ్ని. ఆ గొంగడి కింద, ఆ వెచ్చదనంలో, మామ పక్కన ఇంకొక్క పొద్దు కూర్చోవాలని నేను పడ్డ ఆరాటం నా జీవితంలో మరి దేనికోసమూ పడలేదు. అలా ఆరు ఫిబ్రవరులు పోయాయి.

ఈలోగా చాలా జరిగాయి. ఉన్ని లేని పొడుగు కాళ్ల గొర్రెలు అన్ని మందల్లోకీ వచ్చాయి. నల్ల గొర్రెలు లేవు కాబట్టి గొంగళ్లు నేసేవాళ్లూ లేరు. ఆరో ఏడు మామ మోకాళ్లు పని చేయడం మానేశాయి, మందను అమ్మేశాడు. ఆ తరువాత గుట్టకు మిషన్లు వచ్చాయి. మొదట పై గుండు పోయింది. రెండేళ్లలో గుట్ట ఉన్న చోట నీళ్లు నిలిచిన గొయ్యి మిగిలింది. చెలకంతా ప్లాట్లు చేసి తెల్ల రాళ్లు పాతారు. నేను అటు పోవడమే మానేశాను.

పోయిన చలికాలం దవాఖానలో చూపించడానికి మామను మా ఇంటికి తెచ్చుకున్నాము. ఒక మధ్యాహ్నం మంచం మీద కూర్చొని ఎండ కాగుతూ, "గా ఫోటో ఉన్నదా?" అన్నాడు. ఏ ఫోటో అని అడిగేంత ధైర్యం నాకు లేదు. పెట్టెలోనుంచి తెచ్చి ఆయన ముందు పరిచాను. కళ్లు దగ్గరగా పెట్టి చూశాడు. "గుట్ట ఏది?" అన్నాడు. ఎన్నో ఏళ్లు ఎదురు చూసిన ప్రశ్న, నేను అనుకున్న ప్రశ్న మాత్రం కాదు. కత్తిరించిన సంగతి, తుడిచేసిన సంగతి, పొయ్యిలో వేసిన సంగతి చెప్పాను. ఆ పొద్దు వానలో తోడేలే మామా అని అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పాను. "అది నాకు ఆనాడే ఎరుక" అన్నాడు. ఫోటోను తనవైపు తిప్పుకొని, "నేను దాసిపెట్టమన్న గని తుడిసెయ్యమన్ననా అల్లుడా? ఇప్పుడు రెండు ఒక్క తాన పెట్టినా ఏం గాదు. అది లేకపాయె, ఇది లేకపాయె" అన్నాడు.

ఆ తరువాత వేలు బండ మీద పెట్టి పైకి జరిపాడు. వేలు ఫోటో అంచు దాటి దుప్పటి మీదికి వచ్చింది. "గీడ మొదటి గుండు. గిది రెండోది, జెర పగులున్నది దీనికి, తేనెతుట్టె పెడ్తుండె. గిది మూడోది. వంగినట్టుంటది సూడు, పడనే పడది." దుప్పటి మీద ఆ వేలు కదులుతున్నంతసేపూ నాకు మూడు గుండ్లూ కనబడ్డాయి, తడిసి నిగనిగలాడుతూనే. నాలుగో కూన సంగతి అడిగాను. మంద అమ్మేదాకా వెతికానన్నాడు. "ఒకపారి కనవడ్డట్టే అనిపిచ్చింది. నిన్ను పిలుద్దామనుకున్న." ఎందుకు పిలవలేదు మామా అన్నాను. "నువ్వే వస్తవనుకున్న" అన్నాడు. ఎండ జరిగిపోతే మంచం కొంచెం పక్కకు లాగమన్నాడు, లాగాను. ఆ ఎండాకాలం రాకముందే మామ పోయాడు.

మొన్న వాన సాయంత్రం గొంగడిలోనుంచి ముఖం తీసి, ఫోటోను దాని మీద పరిచాను. గుట్టను నేను తుడిచేశాను, మిషన్లు ఆ తరువాత వచ్చాయి. తెల్లచార మీద వేలు పెట్టి, అంచు దాటించి, ఉన్ని మీద ఒకటి, రెండు, మూడు అని గుండ్లు పేర్చుకుంటున్నాను. సగం దించిన షట్టరు కిందనుంచి వంగి మా ఆవిడ ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకొని, "మూడోది అంత కింద ఉండది బావా, ఇంక జెర పైకి" అని వేలును జానెడు పైకి జరిపింది. నా యాదిలో గుట్ట అప్పుడే అంత పొట్టిదైపోయిందన్నమాట. పోయిన కాలం ఇంకెంతకాలం తన ఎత్తులో తాను నిలబడి ఉంటుందో, అది పక్కన నిలబడి వేలును సరైన చోట పెట్టించే మనిషిని బట్టే ఉంటుంది.